అప్పు నా పేరు మీద, తీసుకున్నది మా మరిది

ఖమ్మం జిల్లా నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. వయసు 36. ఊళ్లో మహిళా సంఘాల లెక్కలు రాస్తారు. భర్త ట్రాక్టర్ మెకానిక్, ఇద్దరు పిల్లలు. అత్తగారు, పెళ్లికాని మరిది అదే ఇంట్లో ఉంటారు.

రెండు గేదెలు కొందామని బ్యాంకులో లోను అడిగితే, మేనేజర్ కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పి చూపించారట. పాత అప్పులు ఎలా కట్టారో చెప్పే సిబిల్ స్కోరు 561. ఆమె పేరు మీద రెండు అప్పులు: ఒక లోన్ యాప్ కంపెనీలో 1,20,000, సెల్‌ఫోన్ వాయిదాల కింద ఇంకో కంపెనీలో 28,000. ఐదు నెలలుగా కిస్తీలు కట్టలేదు. ఆ రెండింటి సంగతీ ఆమెకు తెలియదు. కంగారులో ఆ లోన్ కంపెనీ కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతికి ఫోన్ చేశారు. అది దొంగ నంబరు. ‘లోన్ క్యాన్సిల్ చేస్తాం మేడమ్’ అంటూ వాట్సాప్‌లో ఒక ఫైలు పంపి, ఇన్‌స్టాల్ చేయించి, అందులో కార్డు వివరాలు కొట్టించారు. ఆ సాయంత్రమే 49,000 పోయాయి. మర్నాడు ఉదయం పదిన్నరకు బ్యాంకుకు పరుగెత్తి కౌంటర్‌లో చెబితే ఏటీఎం కార్డు బ్లాక్ చేసి పంపించారు. మధ్యాహ్నం 1:12కు ఇంకో 15,000 పోయాయి. మొత్తం 64,000, గేదెల కోసం దాచుకున్నవి.

ఇంట్లో గట్టిగా అడిగితే మరిది ఒప్పుకున్నాడు. ఆన్‌లైన్ రమ్మీలో పోగొట్టాడట. ‘రేషన్ కార్డు ఈ-కేవైసీ వదినా’ అని ఆధార్, పాన్ తీసుకున్నాడు. ఆమె ముఖానికి ఫోన్ పట్టి ‘ఒకసారి కళ్లు మూసి తెరువు’ అన్నాడు. ఓటీపీ ఆమె ఫోన్‌లోనే చూసుకున్నాడు. ‘నవ్వుకుంటూ కళ్లు ఆర్పాను’ అని రాశారు ఆమె. ఇప్పుడు భర్త ‘ఇంటి పరువు, మెల్లగా కట్టేద్దాం’ అంటున్నారు. మరీ కావాలంటే ‘ఎవరో తెలియనివాళ్లు చేశారని కంప్లయింట్ ఇద్దాం’ అంటున్నారు. మరిదికి సంబంధం కుదిరేలా ఉంది, ఇప్పుడు కేసు అంటే చెడిపోతుందని అత్తగారు ఏడుస్తున్నారు. డబ్బు పోయి పదకొండు రోజులైంది. మరిది పేరు బయటికొస్తుందని ఇంతవరకు ఎక్కడా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయలేదు. ‘నేనే ఫైలు ఇన్‌స్టాల్ చేశాను కదా, ఇక బ్యాంకు ఏమిస్తుంది? కేసు పెడితే ఇల్లు పోతుంది, పెట్టకపోతే నా పేరు పోతుంది. పదిమందికి లెక్కలు చెప్పేదాన్ని, నా లెక్క నాకు తెలియలేదు’ అని ముగించారు.

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. లెక్కలు రాసేవారు కాబట్టే తేదీలు, టైములు, మొత్తాలు అన్నీ వరుసగా రాశారు. బ్యాంకుకు, పోలీసులకు కావలసినవి అవే. ఆ నాలుగు పేజీలకు జిరాక్స్ తీసి దగ్గర పెట్టుకోండి.

మీకు జరిగినవి రెండు. మనసులో అవి కలిసిపోయి ఒకే పెద్ద ముడిలా కనిపిస్తున్నాయి. 64,000 కొట్టేసిన దొంగ ఎవరో మీకు తెలియదు. అప్పు తీసుకున్నవాడు పక్క గదిలో పడుకుంటున్నాడు. మొదటిదానిలో ఆలోచించాల్సింది ఏమీ లేదు, ఆలస్యం చేయకపోతే చాలు. రెండోదానిలో మాత్రం ఆలోచించాలి. ఆ రెండో విషయంలోని భయం వల్ల మీరు మొదటి విషయంలో పదకొండు రోజులు పోగొట్టుకున్నారు.

ముందు ఆ 64,000 సంగతి.

ఈ రోజే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. లైను దొరకడం ఆలస్యమైతే సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్‌లో మీరే నమోదు చేయవచ్చు. పాస్‌బుక్ ఎదురుగా పెట్టుకుని ప్రతి లావాదేవీ నంబరు, టైము, మొత్తం, ఆ దొంగ ఫోన్ నంబరు చెప్పండి. అవతల మీ డబ్బు ఏ ఖాతాలోకి వెళ్లిందో ఆ బ్యాంకుకు కబురు వెళ్తుంది, అక్కడ మిగిలి ఉన్నంత వరకు ఆపేస్తారు. మొదటి గంటల్లో అయితే ఎక్కువ దొరుకుతుంది. పదకొండు రోజులకు ఆ డబ్బు నాలుగైదు ఖాతాలు మారి ఏదో ఏటీఎంలో నోట్లయిపోయి ఉండొచ్చు, ఆశలు పెంచను. అయినా ఇవ్వాలి. ఎంతో కొంత ఆగి ఉంటే తిరిగి వస్తుంది. తెలంగాణలో ఇలా ఆపిన డబ్బును లోక్ అదాలత్‌లలో బాధితులకు ఇప్పిస్తున్నారు కూడా. ఫిర్యాదు నంబరు లేనివాళ్లకు మాత్రం ఆ జాబితాలో చోటుండదు.

బ్యాంకు ఏమిస్తుందన్నారు. 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తప్పు బ్యాంకుదీ కాక ఖాతాదారుదీ కాక ఇంకెక్కడో జరిగి, మీరు మూడు పనిదినాల్లో చెబితే మీకు పైసా నష్టం ఉండకూడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకు మీరు భరించాల్సింది ఎక్కువలో ఎక్కువ 10,000. ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల పోతే బ్యాంకుకు చెప్పేదాకా పోయింది ఖాతాదారు నెత్తిన, చెప్పిన తర్వాత పోయింది బ్యాంకు నెత్తిన. నిర్లక్ష్యం ఉందని రుజువు చేయాల్సిన బాధ్యత కూడా బ్యాంకుదే.

ఇప్పుడు మీ టైములు చూడండి. ఆ సాయంత్రం పోయిన 49,000 మీద బ్యాంకు గట్టిగా వాదిస్తుంది, కార్డు వివరాలు మీరే కొట్టారంటుంది. అది పూర్తిగా రావడం కష్టం. కానీ మర్నాడు 1:12కు పోయిన 15,000 వేరే. పదిన్నరకే మీరు కౌంటర్ ముందు నిలబడి డబ్బు పోతోందని చెప్పారు. వాళ్లు కార్డు ఒక్కటే ఆపి యూపీఐని, మొబైల్ బ్యాంకింగ్‌ను వదిలేశారు. కార్డు బ్లాక్ చేస్తే ఖాతా మొత్తం ఆగిపోయిందని మనమంతా అనుకుంటాం, కాదు. ఆ 15,000ను బ్యాంకు మీ ఖాతాలో వేయాల్సిందే అని నా అభిప్రాయం. కార్డు బ్లాకైనట్టు మీ ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌లో టైము ఉంటుంది. మీరు అప్పటికే చెప్పారనడానికి అదే సాక్ష్యం, దాన్ని చెరిపేయకండి.

బ్యాంకుకు రాసే అర్జీలో రెండు మొత్తాలను రెండు పేరాల్లో విడివిడిగా రాయండి. కలిపి 64,000 అని రాస్తే కలిపే తిరస్కరిస్తారు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీ వేయించి ముద్ర కొట్టించుకోండి. ‘అలా ముద్ర వేయం అమ్మా’ అంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అదే ఉత్తర్వు ప్రకారం, చెప్పిన పది పనిదినాల్లోపు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. 30 రోజులైనా జవాబు రాకపోయినా, కాదన్నా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు, ఖర్చేమీ లేదు. ఎలా రాయాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేస్తే చెబుతారు.

అన్నట్టు, ఆ ఫైలు పడిన ఫోన్‌తోనే ఇంకా నడిపిస్తున్నారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. మీరు ఎవరికీ ఓటీపీ చెప్పలేదని రెండుసార్లు రాశారు, నిజమే అయి ఉంటుంది. అలాంటి యాప్ మెసేజ్‌లను తానే చదివి అవతలికి పంపిస్తుంది, మీరు నోరు విప్పాల్సిన పని లేదు. సాక్ష్యంగా స్క్రీన్‌షాట్లు, ఆ వాట్సాప్ చాట్ వేరే ఫోన్‌లోకి తీసుకుని, పోలీసులకు చూపించాక ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. అప్పటిదాకా డేటా, వైఫై ఆపేసి, సిమ్ తీసి మామూలు బటన్ల ఫోన్‌లో వేసుకోండి. *#21# కొడితే మీ కాల్స్ ఇంకెవరికైనా మళ్లుతున్నాయో తెలుస్తుంది, మళ్లుతుంటే ##002# కొట్టి ఆపేయండి. పిన్‌లు, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్‌ నుంచి మార్చండి.

ఈ ఫిర్యాదులో మరిది పేరు రావాలా అని మీ భయం. ఇది ఆ కాల్ చేసిన దొంగల మీద ఇచ్చే ఫిర్యాదు. అయితే ‘ఆ కంపెనీకి ఎందుకు ఫోన్ చేశారమ్మా’ అని అడుగుతారు. ‘నేను తీసుకోని లోను నా పేరు మీద కనిపించింది’ అనే చెప్పాలి, అదే నిజం. ‘ఎవరు తీసుకున్నారు’ అనే ప్రశ్న కూడా రావొచ్చు. అందుకే పోలీస్ స్టేషన్‌కు వెళ్లేలోపు రెండో ముడి గురించి మీకో నిర్ణయం ఉంటే మంచిది. కానీ 1930 ఫోన్‌ను దానికోసం ఆపకండి.

ఇక రెండో ముడి. మీ ఉత్తరంలో మూడో పేజీ చివర మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. 2020 లాక్‌డౌన్‌లో మీ జన్‌ధన్ ఖాతాలో నెలకు 500 చొప్పున మూడు నెలలు పడ్డప్పుడు, డబ్బు తెమ్మని కార్డు మరిదికి ఇచ్చారు. మళ్లీ తీసుకోలేదు. లోను డబ్బు పడింది ఆ ఖాతాలోనే. లోన్ కంపెనీ డబ్బును అప్పు తీసుకున్నవారి సొంత ఖాతాలోనే వేయాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. అతనికి ఆ కార్డు అవసరమైంది అందుకే.

దీనివల్ల మీ పరిస్థితి మీరు అనుకుంటున్న దానికంటే చిక్కుగా ఉంది. కంపెనీ వాళ్ల దగ్గర మీ ఆధార్, మీ పాన్, కళ్లు ఆర్పిన మీ ముఖం వీడియో, మీ ఫోన్‌కు వచ్చిన ఓటీపీ, మీ ఖాతాలో పడిన డబ్బు ఉన్నాయి. మీరు ‘ఈ అప్పు నాది కాదు’ అని ఒక్క ముక్క రాస్తే వాళ్లు ఈ ఐదూ ముందు పెడతారు. సిబిల్ లాంటి సంస్థకు అభ్యంతరం పెట్టినా అది కంపెనీనే అడుగుతుంది, కంపెనీ ‘ఆమెదే’ అంటే మార్చదు. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నిబంధన ఉంది గానీ, ‘ఆమెదే’ అని తేల్చేస్తే ఆ నిబంధనతో మీకు పనిలేదు. మీ పేరు శుభ్రం కావాలంటే అతని పేరు రాయక తప్పదు. మధ్యేమార్గం ఉంటుందని మీ ఆయన అనుకుంటున్నారు. నాకైతే కనిపించలేదు.

ముఖ్యంగా ‘ఎవరో తెలియనివాళ్లు’ అనే ఉపాయం వద్దు. మిగతావన్నీ మీ ఇష్టమే, ఈ ఒక్కటి మాత్రం చేయకండి. తెలిసి తెలిసి పోలీసులకు అబద్ధం రాసివ్వడం ఇంకో నేరం, అది మీ చేతి మీద చేసినదవుతుంది. పైగా నిలబడదు. ఏ రోజు ఏ ఏటీఎంలో ఎంత తీశారో స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. ఖాతా ఎవరిది, కార్డు ఎవరి దగ్గరుంది అన్న రెండు ప్రశ్నలతో మీ గుమ్మం ముందుకు వస్తారు. అప్పుడు మరిదీ దొరుకుతాడు, మీరూ దొరుకుతారు.

పేరు రాసి ఫిర్యాదు చేస్తే ఏమవుతుంది? ఇంకొకరి గుర్తింపును మోసంతో వాడుకోవడం ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 66సి కింద నేరం, మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. దానికి మోసం సెక్షన్లు కూడా కలుపుతారు. ఎఫ్‌ఐఆర్ కాపీ జతచేసి కంపెనీలకు రాస్తే, అప్పు మీది కాదనే వాదనకు మొదటిసారి బలం వస్తుంది. గెలుస్తారని హామీ లేదు, కార్డు మీరే ఇచ్చారనే మాట వస్తుంది. ఇంకో విషయం పెద్దగా ఎవరూ చెప్పరు. ‘ముందు కేసు పెడదాం, భయపడి కట్టాక రాజీ పడదాం’ అని చాలామంది అనుకుంటారు. అదే చట్టంలోని 77ఎ ప్రకారం, నేరం స్త్రీ మీద జరిగితే కింది కోర్టు 66సి నేరంలో రాజీకి ఒప్పుకోదు. తర్వాత మీ మనసు మారితే కేసు కొట్టేయించడానికి హైకోర్టు దాకా వెళ్లాల్సి రావచ్చు. బెదిరించడానికి వాడే కాగితం కాదది, కడదాకా నిలబడాలనుకుంటేనే ఇవ్వాలి. జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థలో స్త్రీలకు లాయర్ సాయం ఉచితం, ముందు ఒకసారి అక్కడ మాట్లాడి రండి.

కేసు లేకుండా ఇంట్లోవాళ్లే కట్టేస్తే? రికవరీ వాళ్ల ఫోన్లు ఆగుతాయి, ఇంట్లో పైకి ప్రశాంతంగా ఉంటుంది. కానీ కట్టడం అంటే అప్పు మీదేనని ఒప్పుకున్నట్టు, ఆ తర్వాత కాదనడం దాదాపు అసాధ్యం. ఐదు నెలల ఆలస్యం సిబిల్ రిపోర్టులో కొన్నేళ్లు కనిపిస్తూనే ఉంటుంది, గేదెల లోను వెంటనే రాదు. ఈ దారి ఎంచుకుంటే మాత్రం ‘సగం కట్టండి, సెటిల్ చేస్తాం’ అనే మాటకు పడిపోకండి. రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడితే మరో బ్యాంకు దాన్ని ఎగవేతగానే చూస్తుంది. పూర్తిగా కట్టి, బాకీ లేదనే కాగితం తీసుకుని, ‘క్లోజ్డ్’ అని పడేదాకా వదలకూడదు. డబ్బు అతనిది కావాలి, బండి అమ్ముతాడో ఏం చేస్తాడో. అత్తగారి గొలుసు మీద గోల్డ్ లోను తెచ్చినా అది అత్తగారి పేరు మీదే ఉండాలి. మళ్లీ మీ సంతకంతో ఇంకో అప్పు మాత్రం వద్దు.

ఆ రెండిటికీ ముందు చేసుకోగలిగింది ఒకటుంది. జరిగిందంతా మరిది తన చేతిరాతతో రాసి, సంతకం పెట్టి, మీ ఆయన, ఇంకో పెద్దమనిషి సాక్షి సంతకాలు చేయాలి. ఏ తేదీలోపు కడతాడో అందులో ఉండాలి. నెలా, రెండు నెలలా మీరే చెప్పండి. కడితే సరే. కట్టకపోతే ఆ కాగితం మీ ఫిర్యాదుకు జత అవుతుంది, ఇందాక చెప్పిన ఐదు సాక్ష్యాలకు మీ వైపు నుంచి జవాబు అదొక్కటే. దీని నష్టం కూడా చెబుతాను. ఈలోగా వడ్డీ పెరుగుతుంది, తెలిసి కూడా ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నారని కంపెనీ అడగవచ్చు. రాయనంటాడేమో. రాయనంటే అతని పశ్చాత్తాపం ఏపాటిదో మీ ఆయనకే తెలుస్తుంది.

‘ఇంటి పరువు’ అన్న మాట గురించి. మీ ఆయన చెడ్డవారని నాకు అనిపించలేదు, ఇద్దరి మధ్య నలిగిపోతున్నట్టున్నారు. కానీ పరువు ఇంటిదైతే అప్పు కూడా ఇంటిది కావాలి కదా. ఫోన్లు వచ్చేది మీకు, బ్యాంకు మెట్ల మీద తలదించుకున్నది మీరు. వచ్చే అమ్మాయి సంగతి కూడా అత్తగారితో ఒక్కమాట అనండి. ఆ పిల్ల ఆధార్, పాన్ కూడా రేపు అదే ఇంట్లో ఉంటాయి. రమ్మీ అలవాటు ఏడ్చి ఒప్పుకున్నంత మాత్రాన పోదు. అందుకు 14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు ఉంది, తెలుగులో మాట్లాడతారు. సంబంధం మాటల కంటే ముందు ఆ ఫోన్ కావాలి అతనికి.

రికవరీ వాళ్లు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. మీ సంఘం సభ్యులకు ఫోన్ చేసి మీ అప్పు గురించి చెప్పకూడదు. చేస్తే తేదీ, టైము, నంబరు రాసి పెట్టి ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి పంపండి.

ఇవన్నీ తేలేలోపు తలుపులు మూయండి. ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టండి, గత ఆరు నెలల్లో మీ ఆధార్ ఎక్కడెక్కడ వాడారో అక్కడే కనిపిస్తుంది. ప్రభుత్వ వెబ్‌సైట్ సంచార్ సాథీలో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడండి. సిబిల్‌తో పాటు ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అని ఇంకో మూడు సంస్థలున్నాయి, నాలుగూ ఏడాదికొక రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తెప్పించండి. రెండు అప్పులే అని మరిది అంటున్నాడు, అతని మాట మీద లెక్క మూసేయకండి.

అన్నిటికంటే ముందు ఆ జన్‌ధన్ కార్డు. ఈ పూటే అడిగి తీసుకోండి, ఇవ్వకపోతే బ్యాంకులో బ్లాక్ చేయించండి. ఇలా ఎవరి చేతిలోనో ఉన్న ఖాతాలనే మోసగాళ్లు కమీషన్ ఇచ్చి అద్దెకు తీసుకుంటారు. మీ 64,000 కూడా అలాంటి ఎవరిదో ఖాతాలోకే వెళ్లి ఉంటుంది. మీ జన్‌ధన్ ఖాతాలో తెలియని పేర్లతో డబ్బు వచ్చి పోతున్నట్టు కనిపిస్తే, పైన చెప్పిన దారులన్నీ పక్కనపెట్టి లాయర్‌ను వెంటబెట్టుకుని ముందు మీరే పోలీసులకు చెప్పండి. అక్కడ పరువు గురించి ఆగడానికి టైము ఉండదు.

రెండేళ్లుగా ఎంట్రీలు వేయించలేదన్నారు కదా ఆ పాస్‌బుక్‌లో. రేపు అర్జీ ఇవ్వడానికి వెళ్లేటప్పుడు దాన్ని కూడా తీసుకెళ్లండి. పేజీలు సరిపోకపోతే కొత్త పుస్తకం అడగండి. ఇంటికి తెచ్చాక సంఘం లెక్కలు చూసినట్టే, ఒక్కో వరుస మీద వేలు పెట్టి మీరే చదవండి.